నేను జూన్‌లో పుట్టించిన పిల్లలు

రాసుకుంటున్నావా కెజియా? ఫోన్లో కొడుతున్నావా, కంప్యూటర్లోనా? ఏదైనా సరే, నేను ఆగినప్పుడు నువ్వూ ఆగు. నేను దగ్గితే అది రాయొద్దు.

సోమవారం నుంచి నా మనవరాలివి నువ్వు కూడా టీచరువి. చిన్న తరగతులతో పాటు అడ్మిషన్ల బల్ల దగ్గర కూర్చునే పని కూడా నీకే ఇచ్చారని నిన్న చెప్పావు. అది విన్నప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. పాఠం చెప్పడం నీకు ఎవరైనా నేర్పుతారు. ఆ బల్ల దగ్గర కూర్చోవడం మాత్రం ఎవరూ నేర్పరు. అందుకే ఇప్పుడు చెప్తున్నాను.

"జేజీ, ముందు నీ సర్వీసు ఎన్నేండ్లో, నీకొచ్చిన అవార్డేందో రాయొద్దా?" అంటున్నావు. అవార్డు అలమరలో ఉంది, దాన్ని చూసుకోవచ్చు. ఆళ్లగడ్డలో ఇరవై ఎనిమిదేళ్లు, నంద్యాలలో ఆరేళ్లు చేశాను. అంతే, సర్వీసు అయిపోయింది. ఇక పని గురించి రాయి.

బల్లకు ఈ పక్క

బడిపని అంటే పాఠాలు చెప్పడం అనుకుంటారు. నా పనిలో సగం పిల్లల్ని తీసుకోవడం, సగం పిల్లల్ని అప్పగించడం. జూన్‌లో అమ్మ కొంగు వదలని పిల్లను వేళ్లు ఒక్కొక్కటే విప్పి లోపలికి తీసుకుపోవాలి. కొన్నేళ్లకు ఆ తల్లిదండ్రులే వచ్చి టీసీ అడుగుతారు. అప్పుడు ఆ పిల్లను ఇంకో బడి చేతికి ఇవ్వాలి. తీసుకునేటప్పుడు అందరూ జాగ్రత్తగా ఉంటారు. ఇచ్చేటప్పుడు సంతకం పెట్టి, ముద్ర కొట్టి, "నెక్స్ట్" అంటారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆళ్లగడ్డ పిల్లలు నంద్యాలకు పోయేవాళ్లు. నంద్యాల పిల్లలు కర్నూలుకు పోయేవాళ్లు. అంతకు మించి దూరం లేదు. తర్వాత పాణ్యం పక్కన, బనగానపల్లె పక్కన సిమెంటు ఫ్యాక్టరీల్లో పని నేర్చుకున్నవాళ్లను, మన నంద్యాల విత్తనాల కంపెనీల్లో చేసినవాళ్లను బయటి దేశాలవాళ్లు పిలవడం మొదలైంది. మస్కట్, దుబాయి, ఆ తర్వాత ఆఫ్రికా. ఒంటరిగా పోయేవాళ్లు కొందరు, పెళ్లాం పిల్లలతో పోయేవాళ్లు కొందరు. పిల్లలతో పోయేవాళ్లు టీసీ కోసం వచ్చి, ఫోను నా ముందు పెట్టి అడిగేవాళ్లు.

"టీచరమ్మా, ఆడ రెండు ఇంటర్నేషనల్ బళ్లున్నాయంట. దేంట్లో ఎయ్యల్లో నువ్వే చెప్పు."

నాకేం తెలుసు? నేను పోయిన దూరదేశం వేలూరు, అదీ పిత్తాశయంలో రాళ్లు తీయించుకోవడానికి. ఇంటర్నేషనల్ అనే మాట నేను మొదట చూసింది మీ పెద్దత్త సూట్‌కేసు మీద. కానీ తెలీదని చెప్పి పంపిస్తే ఆ మనుషులు ఇంకెవర్ని అడుగుతారు? ట్రావెల్స్ వాణ్ణి అడుగుతారు.

రూతమ్మగారు

ఆళ్లగడ్డలో నా మొదటి హెడ్మిస్ట్రెస్ రూతమ్మగారు. గంజి పెట్టిన చీర, చంకలో గొడుగు. వాన ఉన్నా లేకపోయినా ఆ గొడుగు ఉండేది. ఆమె నవ్వడం నేను రెండుసార్లు చూశాను.

ఒకసారి ఒక బ్యాంకాయన కర్నూలుకు బదిలీ అయి టీసీ కోసం వచ్చాడు. ఏ బడిలో వేయమంటారని ఆమెను అడిగాడు. ఆమె ఆయన కొడుకును పిలిచి, "రా నాయనా, మన బడి నాకొకసారి చూపియ్యి" అంది. వాడు ముందు నడిచాడు. ఆమె గొడుగు పట్టుకుని వెనక నడిచింది. నేను ముసిముసిగా నవ్వుకున్నాను. రోజూ తిరిగే బడిని ఈమెకు చూపించేదేంది అని.

ఆమె తిరిగొచ్చి నన్ను చూసింది. "నవ్వుతాండావా సరోజా? నేను రోజూ చూసేది పనులు. బిడ్డ చూపిచ్చేదే బడి. వాడు మొదట యాడికి తీసకపోతాడో చూడు. యాడ బేగా నడుస్తాడో, యాడ నన్ను రావద్దంటాడో చూడు. కొత్త బళ్లో అదే ఎతకమని చెప్పల్ల."

ఆ పిల్లవాడు ఆమెను నేరుగా చేతిబోరింగు దగ్గరికి తీసుకుపోయాడు. వాడికి బోరింగు కొట్టే వంతు ఉండేది. తరగతిలో మాట్లాడని పిల్లవాడు, అక్కడ మాత్రం అందరి చేతుల్లో నీళ్లు పోసేవాడు. రూతమ్మగారు బ్యాంకాయనతో, "పిల్లోళ్లకు పనులు పంచే బడి సూడప్పా. ర్యాంకులు తర్వాత" అంది.

ఆమె తర్వాత ఇంకొకాయన వచ్చాడు. పేరు వద్దు, ఆయన పిల్లలు మంచివాళ్లు. టీసీ అడిగినవాళ్లను ఆయన దొంగల్ని చూసినట్టు చూసేవాడు. వారం తిప్పేవాడు, "మా బడి మీకు పనికిరాలేదా" అనేవాడు. పక్కనే పిల్ల నిలబడి వింటుండేది. బడి మారడమంటే ఏదో తప్పు చేస్తున్నట్టని ఆ పిల్లకు అక్కడే మనసులో పడిపోయేది. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది అది ఒక్కటే. టీసీ ఇచ్చే రోజు నవ్వుముఖంతో ఇవ్వాలి. నీకు కోపమొస్తే సాయంత్రం ఇంటికొచ్చి గిన్నెలు తోము.

గొళ్లెం

నేను నంద్యాలలో హెడ్మిస్ట్రెస్ అయ్యాక రూతమ్మగారి పద్ధతే పట్టుకున్నాను. దాని విలువ నాకు నిజంగా తెలిసింది విష్ణు అనే పిల్లవాడి వల్ల. వాళ్లది ఉయ్యాలవాడ. నాయన విత్తనాల కంపెనీలో చేస్తూ మస్కట్ పోతున్నాడు. వాళ్లమ్మ ఫోన్లో బడి ఫొటోలు చూపిస్తోంది. ఈత కొలను, గుర్రాలు.

"సార్ గారూ, మన బడి చూపియ్యి" అన్నాను పిల్లవాడితో. వాడు గబగబా పోయి బాత్రూముల ముందు నిలబడ్డాడు.

"ఈడ మూడోదానికి గొళ్లెం పడదు మేడం. రెండోదానికి పడతాది గానీ లోపల చీకటి. అందుకే నేను నీళ్లు తాగను."

"ఎప్పట్నుంచి తాగడం లేదు నాయనా?"

"సెకండ్ క్లాస్ నుంచి."

మూడేళ్లు! నా బడిలో, నా ముక్కు కింద, మూడేళ్లు ఒక పిల్లవాడు పొద్దున తొమ్మిది నుంచి నాలుగు దాకా నీళ్లు తాగకుండా కూర్చున్నాడు. మధ్యాహ్నంలోపు గొళ్లెం వేయించాను. వాళ్లమ్మతో, "గుర్రాల సంగతి తర్వాత తల్లీ. ఆడ బాత్రూముకు గొళ్లెం పడతాదో లేదో ముందు అడుగు" అన్నాను. ఆమె అడిగితే అక్కడి ఆఫీసామె ఫోన్లో నవ్విందట. నవ్వి, తర్వాత పోయి చూసి, పడుతుందని చెప్పిందట. పోయి చూసింది చూడు, అక్కడే ఆ బడి మీద నాకు నమ్మకం కుదిరింది.

అందుకే చెప్తున్నాను. బడివాళ్లు చూపించాలనుకున్నదాన్ని తల్లిదండ్రులు ఎట్లాగూ చూస్తారు. నువ్వు వాళ్లకు రెండు మాటలు చెప్పు. భోజనం వేళ పోయి చూడమని చెప్పు. అప్పుడు ఏ బడికీ వేషం వేయడం కుదరదు. ఇంకొకటి, ఎన్నేళ్లు ఉంటారో అడుగు. రెండేళ్లలో తిరిగొచ్చేవాళ్లు మన సిలబస్ ఉన్న బడిలోనే వేసుకోవడం మేలు. అక్కడి నుంచి ఇంకో దేశం పోయేవాళ్లకే ఈ ఇంటర్నేషనల్ చదువు పనికొస్తుంది, ఎక్కడికి పోయినా అదే దొరుకుతుంది కాబట్టి. పక్కింటివాళ్లు చేర్పించారని చేర్పిస్తే మాత్రం పిల్లే మూల్యం చెల్లిస్తుంది.

ఇంత తెలిసినదాన్ని. ఇంత తెలిసి కూడా నేను చేసింది ఇప్పుడు చెప్తాను. ఫ్యాన్ కొంచెం తగ్గించు.

జూన్ పిల్లలు

మీ నాయన సర్టిఫికెట్లో పుట్టినరోజు జూన్ ఒకటి. మనం కేకు కోసేది డిసెంబరులో. ఎందుకో ఎప్పుడైనా అడిగావా?

"ఆఫీసులో తప్పు పడిందేమో అనుకున్నా జేజీ."

ఆఫీసులో కాదు. నేనే రాశాను. ఆ రోజుల్లో సగం ఊరికి పుట్టినరోజు జూన్‌లోనే. బడిలో చేరాలంటే ఐదేళ్లు నిండాలి. తల్లిదండ్రులు నాలుగేళ్ల పిల్లను తెచ్చి, "నువ్వే ఏదో ఒకటి ఎయ్యి టీచరమ్మా" అనేవాళ్లు. బడి తెరిచే నెలకు సరిగ్గా ఐదు నిండేట్టు ఒక తేదీ వేసేవాళ్లం. ఒకసారి తనిఖీకి వచ్చినాయన రిజిస్టరు తిరగేసి, "మీ ఊర్లో ఆడోళ్లు జూన్‌లో తప్ప కనరా అమ్మా?" అని అడిగాడు. అందరం నవ్వాం. ఆయనా నవ్వాడు. ఆయన పుట్టినరోజు కూడా జూన్‌లోనేనట.

ఆళ్లగడ్డలో ఉన్నప్పుడు ఓబులేసు అని ఒకాయన కూతుర్ని తీసుకొచ్చాడు. అప్పటికి సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరు. భార్య లక్ష్మీదేవి పత్తి తీతకు పోయేది. పిల్ల పేరు శ్రావణి. నా బల్ల ఎత్తు కూడా లేదు.

"దీనికెన్నేండ్లప్పా?" అన్నాను.

"నాలుగు నిండి నెలైంది. ఇంట్లో ఇడిసిపెట్టే దిక్కు ల్యా. నీ బిడ్డ మాదిరి ఒక మూల కూచోబెట్టుకో టీచరమ్మా. నీకు పున్నెముంటాది."

పిల్ల నా పెన్ను వంక చూస్తోంది. "ఇది కావల్నా?" అంటే తలూపింది. నాకు జాలేసింది. అసలు పుట్టినదానికి ముందటి ఏడాది జూన్‌లో పుట్టినట్టు రాశాను. పదకొండు నెలలు, ఒక్క పెన్నుగీత. అది పుట్టింది బనగానపల్లెలో, అవ్వగారింట్లో, మంత్రసాని చేతుల్లో. ఎక్కడా రాయించలేదు. తర్వాత ఏ కాగితం కావలసొచ్చినా నేను రాసిన తేదీనే ఎత్తి రాసుకున్నారు. చివరికి పాస్‌పోర్టులోనూ అదే.

ఆ రోజు నేను ఎంత మంచి పని చేశానో అనుకుంటూ ఇంటికొచ్చాను. అన్నం కూడా ఇంకో ముద్ద ఎక్కువ తిన్నానేమో.

దారెస్సలాం

నాకు నంద్యాల బదిలీ అయింది. ఓబులేసు ఫోర్‌మన్ అయి వాళ్లూ నంద్యాలకు వచ్చారు. శ్రావణి మళ్లీ నా బడిలోనే చేరింది. నాలుగో తరగతి దాకా ఫస్టు ర్యాంకు. ఏది చెప్పినా అప్పజెప్పేది. లేచి నిలబడి, చేతులు కట్టుకుని, చివరి అక్షరం దాకా.

నాలుగు అయిపోయాక ఓబులేసు, లక్ష్మీదేవి వచ్చారు. టాంజానియా దేశంలో దారెస్సలాం అనే ఊర్లో సిమెంటు పని. ఐదేళ్లకు ఒప్పందం రాసుకున్నారు. బడి ఖర్చు కంపెనీదే. రెండు బళ్లు ఉన్నాయి.

లక్ష్మీదేవి ఫోను నా ముందు పెట్టింది. ఒకటి పెద్ద బడి, మూడంతస్తులు, గ్రంథాలయమే మన ఆఫీసంత. రెండోదానికి ఫొటో కూడా సరిగా లేదు. పెంకుటిల్లు, వరండా, మెట్ల మీద చెప్పులు. ఆ చెప్పులు నాకు ఇప్పటికీ కళ్లముందున్నాయి. అరచేతంతవి, జానెడువి, అన్నీ ఒకే వరుసలో కలిపి ఇడిచిపెట్టి ఉన్నాయి.

"ఇదేందీ, ఎవురిదో ఇల్లు మాదిరుంది?" అన్నాను.

"అదే టీచరమ్మా, నాకూ నచ్చల్యా," అంది లక్ష్మీదేవి.

సరే, పద్ధతి ప్రకారం శ్రావణిని పిలిచాను. "మన బడి చూపియ్యి తల్లీ."

అది నా వేలు పట్టుకుంది. నాలుగో తరగతి గది ముందు నుంచి ఆగకుండా నడిచింది. నీళ్ల ట్యాంకు వెనక మూడో తరగతి పిల్లలు అచ్చనగాయలు ఆడుతున్నారు. దీన్ని చూడగానే జరిగి చోటిచ్చారు. చోటు ముందే ఉన్నట్టు పోయి కూర్చుంది. ఒక పిల్ల దీని జడ లాగింది, ఇది ఆ పిల్ల జడ లాగింది. రెండూ పడి పడి నవ్వాయి. నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఈ పిల్ల నవ్వడం నేను చూడలేదు.

"నీ క్లాసోళ్లతో ఆడవా తల్లీ?"

"వాళ్లు పెద్దోళ్లు టీచరమ్మా."

కెజియా, ఈ మాట పెద్ద అక్షరాల్లో రాయి. పిల్ల నన్ను తీసుకుపోవలసిన చోటికే తీసుకుపోయింది. చెప్పవలసిన మాట చెప్పింది. నేను దాన్ని చూసి ఏమనుకున్నానంటే, "చిన్నపిల్లలంటే ఎంత ప్రేమో, పెద్దయ్యాక మంచి టీచరవుతుంది" అని. అది తన ఈడు పిల్లలతో ఆడుకుంటోంది. తన ఈడు ఏదో నేనే మార్చి రాశానని ఆ క్షణంలో నాకు గుర్తుకు కూడా రాలేదు.

బల్ల దగ్గరికొచ్చి, "ఫస్టు ర్యాంకు బిడ్డ. పుస్తకాలున్న పెద్ద బళ్లోనే ఎయ్యండి" అని చెప్పాను. నవ్వుముఖంతో టీసీ ఇచ్చాను.

"అదే సర్దుకుంటాది"

అక్టోబరులో లక్ష్మీదేవి ఫోను చేసింది.

"టీచరమ్మా, బిడ్డ నోరు తెరవడం ల్యా. బళ్లో ఒక్క మాట మాట్లాడదంట. తీసకపోయిన అన్నం డబ్బా అట్లే ఇంటికొస్తాంది."

"కొత్తలో అట్లే ఉంటాది తల్లీ. అదే సర్దుకుంటాది" అన్నాను. నా ముప్పై నాలుగేళ్లలో నేను చెప్పిన అతి చెడ్డ మాట ఇది. ఎందుకంటే నేను ఏమీ అడగకుండా చెప్పాను.

జనవరిలో ఈసారి ఓబులేసే చేశాడు. ఆ బడిలో పిల్లల్ని కాగితం మీది వయసు చూసి తరగతిలో పెడతారు. ఏ తరగతి పాసయిందన్నది చూడరు. శ్రావణి పక్కన కూర్చున్నవాళ్లంతా తలెత్తు ఎక్కువ. అక్కడ అప్పజెప్పే చదువు కాదు. నలుగురు కలిసి మాట్లాడుకోవాలి, వాదించాలి, లేచి తన ఆలోచన చెప్పాలి. మన బడిలో ఆ పదకొండు నెలలు అప్పజెప్పడం వెనక దాక్కున్నాయి. అక్కడ దాక్కోవడానికి చోటు లేదు.

"బిడ్డకు బుద్ధి ఎదగల్యా అంటాండారు టీచరమ్మా," అన్నాడు ఓబులేసు. "ఏడాది ఆఖరు దాకా సూసి, వేరే పిల్లోళ్లు ఉండే గదిలోకి మారుస్తారంట. నాకొద్దు. దాన్ని నంద్యాలకు పంపిస్తా. నీ బడి హాస్టల్లో పెట్టుకో."

వెనక నుంచి లక్ష్మీదేవి అరుస్తోంది. "దాన్ని ఒక్కదాన్నే యాడికీ పంపేది ల్యా! పంపితే నేనూ పోతా!"

అంత చిన్నపిల్ల. తల్లిదండ్రులు సముద్రానికి ఆ పక్క, అది నా హాస్టల్లో ఇనుప మంచం మీద. జూన్‌లోపు తేల్చుకోవాలి. నేను "చూద్దాంలే" అని ఫోను పెట్టేశాను. ఏం చూస్తానో నాకే తెలీదు.

బనగానపల్లె గంప

ఏప్రిల్‌లో ఒకరోజు లక్ష్మీదేవి వాళ్లమ్మ బడికొచ్చింది. బనగానపల్లె నుంచి బస్సులో, చిన్న గంపలో మామిడికాయలు. మనవరాలు మళ్లీ నా హాస్టల్‌కు వస్తుందేమోనని ముందే నన్ను మంచి చేసుకోడానికి వచ్చింది, పాపం.

"తొలి కోత టీచరమ్మా. ఇంకో నెల పోతే తోటలో గంపలకు చోటుండదు. మా శ్రావణి పుట్టినపొద్దు అట్లే. ఇంటి నిండా కాయలు, మంత్రసాని కూచునేకి జాగా ల్యా. కాయల మీదనే గోనె పరిచి కూచోబెట్టినాం." నవ్వింది. "వచ్చే నెలకు తొమ్మిది నిండుతాయి బిడ్డకు."

"పది గదా అవ్వా," అన్నాను.

"నీకేం తెలుసమ్మా, నా చేతుల్లో పడింది. తొమ్మిదే."

నేను గంప మీద చేయి పెట్టి అట్లే నిలబడిపోయాను. నీళ్ల ట్యాంకు, అచ్చనగాయలు, "వాళ్లు పెద్దోళ్లు టీచరమ్మా." అన్నీ వరుసగా వచ్చాయి. బీరువాలో శ్రావణి పాత కాగితం తీసి చూశాను. జూన్. నా చేతిరాతే.

"ఏమమ్మా, కాయలు బాగలేవా?" అంది ఆ ముసలామె.

సంతకం

ఆ మధ్యాహ్నమే దారెస్సలాంకు ఫోను చేశాను. "ఓబులేసూ, బిడ్డలో లోపమేం ల్యా. తప్పు నాది. దాని ఈడు నేను మార్చి రాస్తి. ఇంకా ఏడాది చిన్నది అది."

"నేను రాయమంటేనే గదా రాస్తివి," అన్నాడు. "నాకూ గుర్తు ల్యాకపాయె టీచరమ్మా. ఫస్టు ర్యాంకు ర్యాంకు అని ఎగురుతాంటి" అన్నాడు. ఫోన్లో మగవాడు ఏడిస్తే మనకు వినపడకూడదని నోరు పక్కకు తిప్పుకుంటాడు. అయినా వినపడుతుంది.

పెద్ద బడిలో చెప్తే, పాస్‌పోర్టు తేదీ ప్రకారమే నడుచుకుంటామన్నారు. వాళ్ల లెక్కలో వాళ్లది తప్పు కాదు. అప్పుడు నాకు ఆ పెంకుటింటి బడి మెట్ల మీది చెప్పులు గుర్తుకొచ్చాయి. పెద్దవి, చిన్నవి, ఒకే వరుసలో. "లక్ష్మీదేవీ, ఆడ అన్ని ఈడులోళ్లు కలిసి కూచుంటారేమో, భోజనం యాళ పోయి సూడు తల్లీ, బాత్రూము గొళ్లెం కూడా సూడు" అన్నాను.

మర్నాడే పోయి చూసింది. వరండాలో రెండు రెండు తరగతులు కలిపి కూర్చున్నారు. ఎవరు ఏ పుస్తకంలో ఉంటే ఆ పుస్తకం. కానీ ఆ హెడ్మిస్ట్రెస్, పిల్ల పెద్ద బడి ఎందుకు వదిలేస్తోందో పాత టీచరు ఎవరైనా రాసివ్వాలందట.

నేను రాశాను. మన మిషన్ బడి ఇంగ్లీషులోనే రాశాను. ఈ పిల్ల వయసు కాగితం మీద ఉన్నదానికంటే పదకొండు నెలలు తక్కువ. ఆ తేదీ వేసింది నేను. నెమ్మదస్తురాలు, బుద్ధిమంతురాలు. చోటిస్తే నవ్వుతుంది. కింద నా పేరు, హోదా, సంతకం.

మీ జేజినాయన అది చదివి కళ్లజోడు తీశాడు. "ఇంకా ఏడాదిన్నర సర్వీసుంది నీకు. రిజిస్టర్లో తప్పు రాస్తి అని నీ చేత్తోనే సంతకం పెడతాండావే. రేపు నీకే చుట్టుకుంటాది."

"చుట్టుకోనీ," అన్నాను. "పెన్ను నాదే గదా."

ఆయన చొక్కా వేసుకుని, కాగితం మడత పడకుండా ఫైల్లో పెట్టుకుని, తానే నెట్ సెంటరుకు పోయి స్కాన్ చేయించి పంపించి వచ్చాడు. దారిలో నాకు జిలేబీ కూడా తెచ్చాడు. మంచివాడు మీ జేజినాయన. రాయి, రాయి, ఫరవాలేదు.

రెండ్రోజులకు ఆ హెడ్మిస్ట్రెస్ జవాబు రాసింది. రెండే వాక్యాలు. పిల్లను సోమవారం పంపించండి. ఏ వరుసలో కూర్చోవాలో పిల్ల చూపిస్తుంది.

నేను ఆమెను ఎప్పుడూ చూడలేదు. కానీ ఆ ఉత్తరం చదువుతుంటే రూతమ్మగారి గొడుగు చప్పుడు వినపడింది.

ఇప్పుడు నీకు చెప్పాల్సిన మాట ఇది. ఆ రోజు ఓబులేసుతో నేను, "ఇంకో ఏడు ఆగప్పా, ఈలోగా బిడ్డను కూచోబెట్టేదానికి నేనే ఒక ఇల్లు సూస్తా" అని ఉండాల్సింది. రూతమ్మగారి ఇంటి వరండానే ఉండె. పెన్నుతో జాలి పడటం సులభం. మంచిదాన్నన్న పేరు నాకొచ్చింది, బరువు ఆ పిల్ల మోసింది. పాస్‌పోర్టులో తేదీ ఇప్పటికీ జూనే. దాన్ని నేను మార్చలేకపోయాను. నీ బల్ల దగ్గరికి కూడా ఎవరో ఒకరు వచ్చి, "ఏదో ఒకటి ఎయ్యి టీచరమ్మా" అంటారు. తప్పకుండా అంటారు. అప్పుడు పెన్ను కింద పెట్టి, పిల్ల వంక చూడు.

మే

మే నెలలో ఒకరోజు లక్ష్మీదేవి నుంచి వీడియో ఫోను వచ్చింది. ఎత్తితే ముందు ఆకాశం కనపడింది, తర్వాత ఎవరిదో మోకాలు. తర్వాత శ్రావణి ముఖం, దగ్గరగా, ముక్కు మాత్రమే.

"టీచరమ్మా, మా బడి చూపిస్తా రా!"

రా అంటోంది! ఏడు నెలలు నోరు తెరవని పిల్ల. ఫోను ఊగుతోంది. మెట్లు, చెప్పులు. "ఇయ్యి నావి, ఇయ్యి అమీనావి." వరండా. గుండ్రటి ముఖం పిల్ల ఒకతె తొంగి చూసి పళ్లికిలించి పారిపోయింది. "అదే అమీనా. నా అంతే ఉంటాది." బాత్రూము తలుపు, దడేల్‌మని మూసి, లోపల్నుంచి, "గొళ్లెం కూడా పడతాది టీచరమ్మా! అమ్మ ముందే చూసె!" నేను నవ్వాపుకోలేక పక్కకు తిరిగాను.

చివర్లో ఒక గోడ దగ్గర ఆగింది. గోడకు పెద్ద అట్ట, పన్నెండు గళ్లు, ఒక్కో నెలకు ఒక్కో గడి. పుట్టినరోజుల అట్ట అది. ఆ బడిలో పిల్లలు ఎవరి పేరు వాళ్లే రాసుకుంటారు. ఎవరి బొమ్మ వాళ్లే వేసుకుంటారు.

ఫోను జూన్ గడి మీదుగా పోయింది. అక్కడ దీని పేరు లేదు. వెనక్కి జరిగి మే గడి దగ్గర ఆగింది. వంకర ఇంగ్లీషు అక్షరాల్లో శ్రావణి. పక్కన పసుపురంగు మామిడికాయ, గంప అంత ఉంది.

"అవ్వ చెప్పె," అంది. "కాయల మీద పుట్టినానంట. టీచరమ్మా, నాకు తొమ్మిదే గదా?"

"తొమ్మిదే తల్లీ," అన్నాను. "సరిగ్గా తొమ్మిది."

ఇంక చాల్లే కెజియా. కళ్లజోడు ఇటివ్వు, ఎట్లా రాశావో చూస్తాను.